మూతలక్క ముక్కు

డెయిరీలో ఆమెను అందరూ మూతలక్క అంటారు. లారీల్లో వచ్చే పాల క్యాన్ల మూతలు తీసి, తిరగేసి వాసన చూడటం ఆమె పని. క్యాన్‌లో కంటే మూత లోపలి వైపే వాసన గట్టిగా పట్టి ఉంటుంది. పాలు బాగుంటే తల ఊపుతుంది, పులుపు తిరిగితే క్యాన్‌ను కాలితో పక్కకు నెడుతుంది. శ్రమజీవి, త్యాగమూర్తి లాంటి బిరుదులు ఆమెకు అతకవు. ఆమె నోటికి జడిసే డ్రైవర్లు లారీని మెల్లగా వెనక్కి పెడతారు.

నాలుగైదు మూతలకోసారి బయటికి తిరిగి, మోచేతి మడతలో ముక్కు దూర్చి కాసేపు ఊరుకోవడం ఆమె అలవాటు. కొత్తగా వచ్చిన మేనేజరుకు అది బద్ధకంలా కనిపించింది. క్యాన్లను బెల్టు ఎక్కించి, బెల్టు ఆగకూడదన్నాడు. ఆమె పంతానికి పోయి ఊపిరి తిప్పుకోకుండా వరసంతా చూసి పడేసింది. అందులో ఒక పులిసిన క్యాన్ దాటిపోయింది. వేడి చేసేసరికి ట్యాంకు పాలన్నీ విరిగిపోయాయి.

ముక్కు ముసలిదైపోయిందనీ, సోమవారం నుంచి క్యాన్లు కడిగే చోటికి వెళ్ళాలనీ మేనేజరు తేల్చేశాడు. ఆమె కూడా తన ముక్కు చచ్చిపోయిందనే నమ్మేసింది.

ఇంట్లో కోడలు కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. అత్త నోరు మూసుకుని అన్నం తింటుంటే ఆమెకు భయం వేసింది. విషయం రాబట్టాక కోడలు అడిగింది ఒక్కటే: మధ్యలో ఆగావా, లేదా? లేదని తెలిసి కంచం పక్కకు జరిపి మొదలుపెట్టింది.

వాసన అణువు ముక్కులోని కణం లోపలికి రాదట. కణం గోడలో అటూ ఇటూ ఏడుసార్లు కుట్టినట్టుండే, వాసనను అందుకునే గ్రాహకం ఒకటి ఉంటుంది. అణువు దాని బయటి వైపు తాకి ఆగిపోతుంది. ఆ తాకిడికి గ్రాహకం ఒళ్ళు విరుచుకుంటుంది. గోడకు లోపల అంటిపెట్టుకున్న జీ ప్రోటీను అనేది అప్పటిదాకా వాడేసిన ఇంధనాన్ని పట్టుకుని నిద్రపోతుంటుంది. గ్రాహకం కదలగానే దాన్ని వదిలేసి, తాజాది అందుకుని, రెండుగా విడిపోతుంది. విడివడిన ముక్క వెళ్ళి ఒక ఎంజైమును తడుతుంది. ఆ ఎంజైము చిన్న చిన్న వార్తాహరులను కుప్పలుగా పుట్టిస్తుంది. అవి ద్వారాలు తెరిస్తే మెదడుకు కబురు వెళుతుంది. పని కాగానే జీ ప్రోటీను తన ఇంధనాన్ని తనే ఖర్చు చేసుకుని మళ్ళీ పడుకుంటుంది.

"అంటే పాల వాసన గుమ్మం కూడా దాటదా?"

"దాటదు అత్తయ్యా. కబురే దాటుతుంది."

"మరి ఆ రోజు కబురెందుకు రాలేదే?"

అదే వాసన ఆగకుండా తగులుతుంటే కణమే ఆ వ్యవస్థకు కళ్ళెం వేస్తుందని కోడలు చెప్పింది. కాసేపు వదిలేస్తే కళ్ళెం సడలుతుంది. గుండె దడదడలాడినా, చీకట్లో కన్ను చూసినా ఈ గ్రాహకాల కుటుంబం వాళ్ళ పనేనట.

మూతలక్క చెయ్యి కంచంలోనే ఎండిపోయింది.

"ఇంత జరుగుతుంటే అవి ఒక్క చప్పుడైనా చెయ్యవే," అంది చివరికి. "వాటికి మేస్త్రీ ఎవరే?"

"ఎవరూ లేరు."

మర్నాడు ఆమె మేనేజరు గదికి వెళ్ళి పరీక్ష పెట్టమంది. నెగ్గకపోతే కడిగే చోటికి నోరెత్తకుండా పోతానంది. నోరెత్తకుండా అన్న మాటకు ఆశపడో ఏమో, ఆయన ఒప్పుకున్నాడు. ల్యాబ్ కెమిస్టు ఒక వరస క్యాన్లు పెట్టించాడు. ఏది చెడిందో అతనికొక్కడికే తెలుసు. ఆమె కొన్ని మూతలు చూసింది, పక్కకు తిరిగి మోచేతిలో ముక్కు దాచుకుంది, మళ్ళీ వచ్చింది. వరస చివర్లో ఒక మూత దగ్గర ఆగింది. ఇంకోసారి పీల్చి, కాలితో క్యాన్‌ను నెట్టింది. అదేనంటూ కెమిస్టు నవ్వాడు.

మేనేజరు క్షమాపణ చెప్పలేదు కానీ, బెల్టు ఆపే మీట ఆమె చేతికందేలా పెట్టించాడు. ఆ మధ్యాహ్నమే ఆమె దాన్ని నొక్కి, గాలి వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. ఎంతసేపమ్మా అని డ్రైవరు విసుక్కున్నాడు.

"ఉండవయ్యా," అంది కళ్ళు తెరవకుండా, మెల్లగా. "లోపల పడుకునేవాళ్ళున్నారు."