తడపని సగం ముక్క

అర గజం గుడ్డ. అంతకంటే ఎక్కువ లేదు. ఎండినప్పుడు గట్టిగా ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని నేను మోయలేక మోస్తున్నాను, ఎన్నో ఏళ్ళుగా. ఇంట్లో ఎవరికీ తెలియదు. నా భార్య ఈ సంగతి తెలియకుండానే పోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతానేమో. పేరు మాత్రం అడగకండి. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్ళు ఎందుకు ఆగుతాను?

ముందు మా సాబు సంగతి చెప్పాలి. తప్పు నాది, అయినా ఆయనతోనే మొదలుపెట్టాలనిపిస్తోంది. తప్పించుకోవడానికా? కావచ్చు, నా బుద్ధి నాకు తెలుసు. కానీ ఆయన ఎంతటి మనిషో తెలియకపోతే నేను ఎంత పాడు పని చేశానో మీకు అర్థం కాదు.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులు. నకిరేకల్‌ అవతల ఒక ఆఫీసులో నేను గుమాస్తాను. సర్కారు కొనాల్సినవి ఒక్కసారిగా పెరిగిపోయాయి. బడులకు పలకలు, హాస్టళ్ళకు దుప్పట్లు, దవాఖానలకు బకెట్లు, కట్టడాలకు సున్నం. కొనేది ఎవరు? మేమే. మాకేం వచ్చు? సంతలో వంకాయలు ఏరడం కూడా సరిగ్గా రానివాళ్ళం. దుకాణదారు ఏది అంటగడితే అది తెచ్చి, పెద్దసారు సంతకం పెట్టించి, హమ్మయ్య అనుకునేవాళ్ళం. ఒక ఏడాది బడిపిల్లలకు వచ్చిన పలకల మీద బలపం గీత పడనే లేదు. పిల్లలు ఉమ్మి పెట్టి తుడిచి, మళ్ళీ రాసి, ఏడ్చారు. అందుకు మాలో ఎవరికీ సిగ్గు వేయలేదు. మాకు నేర్పిన వాళ్ళెవరని వాదించేవాళ్ళం.

అప్పుడు హైదరాబాదు నుంచి ఆయన్ని పంపారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాలూ ఆయనవే. ప్రతి ఆఫీసులో ఒక్కరికైనా కొనడం నేర్పాలి, అదీ పని. ఉర్దూలో ఖరీదంటే కొనడమే కదా, మేము ఆయనకు ఖరీదు సాబు అని పేరు పెట్టాం. చెవిన పడితే కోపం తెచ్చుకుంటాడనుకున్నాం. ఆయన పగలబడి నవ్వి, ఇంతకంటే మంచి పేరు మా బాపు కూడా పెట్టలేదన్నాడు.

ఒక రేకు ట్రంకుతో తిరిగేవాడు. అందులో అన్నీ జతలే. మంచి తాడు, పాడు తాడు. మంచి పలక, పాడు పలక. కళ్ళు మూసుకుని చేత్తో తడిమి ఏది మంచిదో చెప్పమనేవాడు. మేళ్లచెరువు వైపు నుంచి తెచ్చిన సున్నపు గడ్డను నీళ్ళలో వేసి, అది బుసబుసా పొంగుతుంటే మాకంటే ఆయనే సంబరపడేవాడు. బియ్యం బస్తా పైపైన చూడొద్దని, చొక్కా చేయి మడిచి మోచేతి దాకా లోపలికి దింపేవాడు. సరుకు అమ్మడానికి వచ్చినవాళ్ళకు కుర్చీ వేయించేవాడు. అమ్మేవాడు దొంగ కాడు, మీరు దొరలూ కారు అనేవాడు. చెప్పి వెళ్ళిపోయే రకం కూడా కాదు. ఎక్కడైనా చిక్కు వస్తే ఒక కార్డు రాయండి, నేనొస్తా అన్నాడు. నిజంగానే వచ్చేవాడు. ఒకసారి లాంతర్ల విషయంలో నేను కార్డు రాస్తే, దారిలో బస్సు చెడిపోయి, ఎడ్లబండి ఎక్కి, దుమ్ము కొట్టుకుని వచ్చాడు. లాంతర్ల కోసం! అబ్బ, ఏం మనిషి!

ఆయన ప్రాణం పెట్టి నేర్పిన నియమం ఒకటుంది. గుడ్డ కొనేటప్పుడు, నమూనా ముక్కను రెండు సగాలుగా చింపాలి. ఒక సగం పరీక్షకు. రెండో సగం లక్క ముద్ర వేసి బీరువాలో దాచాలి. రంగు గుడ్డకు పరీక్ష ఏమిటంటే, చల్లని నీళ్ళు, మామూలు బట్టల సబ్బు, నీడన ఆరేయడం. హాస్టలు పిల్లలు ఎట్లా ఉతుక్కుంటారో అట్లాగే. పరీక్షలో రంగు పోయి, అమ్మడానికి వచ్చినవాడు ఒప్పుకోకపోతే, రెండో సగాన్ని వాడి కళ్ళముందే తడిపి చూపాలి. సాబు మాటల్లోనే చెప్తాను.

"గరీబోనికి వకీలుండడు. గా రెండో ముక్కనే వాని వకీలు. అడిగితే దాన్ని బయటికి తియ్యనోడు నా శిష్యుడు కాడు."

నేను ఆయన శిష్యుణ్ణి. అందరికంటే మంచి శిష్యుణ్ణని అనుకునేవాణ్ణి కూడా.

ఇక మామ. మాది నేతవాళ్ళ కుటుంబం. బాపు నన్ను చదువులో పెట్టి మగ్గానికి దూరం చేశాడు. మా అమ్మ తమ్ముడు మాత్రం మోత్కూరులో నేస్తూనే ఉండేవాడు. నేత కంటే ఆయన రంగుకు పేరు. నూలుకు ఎరుపు ఎక్కించాలంటే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. రంగు కుండ ముందు కూర్చుంటే పలకరించినా పలికేవాడు కాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. ఆ చేతులతోనే పెళ్ళిళ్ళకు వచ్చేవాడు, దాచుకునేవాడు కాడు. వాళ్ళ వాడలో ముసలమ్మలు పాత చీరలు తెచ్చి చూపించేవాళ్ళు, చిరిగిపోయింది గానీ రంగు పోలేదు చూడమని. అప్పుడు ఆయన ముఖం చూడాలి మీరు! మీసం కింద నవ్వు ఆగేది కాదు.

ఆ ఏడాది హాస్టళ్ళకు దుప్పట్లు కావాల్సి వచ్చాయి. తెల్ల దుప్పటి, ఎర్ర అంచు. ఒక మిల్లు దుకాణం నమూనా వచ్చింది. మోత్కూరు నేతగాళ్ళ సంఘం నుంచి ఇంకొకటి వచ్చింది. దాన్ని మడిచి చంకలో పెట్టుకుని తెచ్చింది మా మామే. పరీక్ష చేసేది నేను. రెండు నమూనాలనూ సగానికి చింపి, రెండో సగాలకు లక్క ముద్ర వేసి బీరువాలో పెట్టాను.

మా హెడ్డు గుమాస్తా అందరి ముందూ నవ్వాడు. "ఏమయ్యా, ఈసారి మేనమామ ఇంట్ల దుప్పట్ల పండుగనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాట చిన్నదే, తమాషాకే అన్నాడు. కానీ అది నా లోపల ముల్లులా దిగింది. రేపు మామ గుడ్డ నెగ్గితే? నేను చూసిపెట్టానంటారు. సాబు చెవిన వేస్తారు. సాబు నమ్ముతాడా? నమ్మితే? ఆ రాత్రంతా అదే ఆలోచన. ఒక కార్డు రాస్తే సరిపోయేది. సాబూ, వచ్చినవాడు నా మేనమామ, ఈ పరీక్ష మీరే చెయ్యండి అని. లాంతర్లకు వచ్చినవాడు దీనికి రాడా? రాయలేదు. ఎందుకు రాయలేదు? నా నిజాయితీని నేను ఒక్కణ్ణే నిరూపించుకోవాలనుకున్నానేమో. అందరూ నోళ్ళు తెరిచి చూడాలనుకున్నానేమో. ఛీ.

పొద్దున్నే ఆఫీసు వెనక పొయ్యి వెలిగించాను. మిల్లు ముక్కను చల్లని నీళ్ళలో తడిపాను. మామ ముక్కను మరుగుతున్న నీళ్ళలో వేశాను. పిడికిలి నిండా బట్టల సోడా పోశాను. కర్రతో తిప్పాను. ఏ రంగు ఆగుతుంది దానికి? ఎరుపంతా తెలుపులోకి పాకింది. అది చూస్తూ కూడా తిప్పుతూనే ఉన్నాను. పొయ్యి ఆర్పి, ముక్కను చల్లని నీళ్ళతో బాగా కడిగి, సోడా వాసన పోయేదాకా కడిగి, నీడన ఆరేశాను. పగ ఏమైనా ఉందా మామ మీద? ఏమీ లేదు. చిన్నప్పుడు ఆయన భుజాల మీద ఎక్కి జాతర చూసినవాణ్ణి.

మధ్యాహ్నం మామ వచ్చాడు. కుర్చీ వేశాను. సాబు నేర్పినట్టే వేశాను, చూశారా!

"రంగు దిగింది మామా," అన్నాను.

ముక్క తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు.

"గిట్ల దిగుడేందిరా? నా చేతి రంగు గిట్ల దిగదే."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"ఇంకో సగం ముక్క ఉంటదట గద అల్లుడా. మీ సాబు చెప్పిండని మావోళ్ళు అన్నరు. జర అది నా ముందట తడుపరాదు?"

బీరువా నా వెనకే ఉంది. తాళంచెవి నా మొలలోనే ఉంది. లేచి తీస్తే అయిపోయేది.

"అది తడిపినా గంతే మామా. ఒక్క గుడ్డ ముక్కలే కద."

"గంతేనంటవా?"

"గంతే."

ఆ ముక్క వైపు చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నువ్వెందుకు అబద్ధం చెప్తవ్. నా చెయ్యే పాడయినట్టున్నది," అని లేచాడు. పోతూ పోతూ మా ఇంట్లో అందరినీ అడిగినట్టు చెప్పమన్నాడు.

కోప్పడితే బాగుండేది. తిడితే బాగుండేది. నన్ను అనుమానించడం ఆయనకు చేతకాలేదు, తనను తాను అనుమానించుకున్నాడు.

తర్వాత వచ్చినప్పుడు సాబు సంగతంతా విన్నాడు. ఆయన పద్ధతి మనిషి కదా, రెండో ముక్క మీ మామ ముందు తడిపినవా అని అడిగాడు. అవునని తలూపాను. అంతే, నా భుజం మీద చేయి వేసి అందరి ముందూ నిలబెట్టాడు. సొంత మేనమామ సరుకును వాపసు పంపిన మనిషిని చూడండి అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నా గురించి! హెడ్డు గుమాస్తా తల దించుకున్నాడు. నేను కోరుకున్నది సరిగ్గా అదే. దొరికింది. దొరికిన క్షణంలోనే అది నోట్లో చేదుగా ఉంది, అయినా ఉమ్మలేదు.

ఆయన ఆ కథను ట్రంకులో వేసుకుని రెండు జిల్లాలూ తిరిగాడు. ఆలంపురం వైపు ఒక పని మీద పోయినప్పుడు, నేనెవరో తెలియని గుమాస్తా ఒకడు చాయి తాగుతూ నాకే చెప్పాడు. నల్లగొండల ఒకడున్నడట, సొంత మేనమామను కూడ చూడలేదట అని. నేను ఔనా అన్నాను. నా గురించి నేనే ఔనా అన్నాను. ఆ కథ విని ఎంతమంది నిటారుగా నిలబడ్డారో! బావమరిది సరుకును, దోస్తు సరుకును వాపసు పంపినవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళు నిజంగా పంపారు. సాబు నాటింది మొలిచింది, విత్తనం పుచ్చుదైనా. ఆ మంచిని చూసి నా మనసు నిండుతుంది. వెంటనే నీకేం హక్కు అని అడుగుతుంది.

సాబు రిటైరయ్యాక నేర్పే పని నాకే ఇచ్చారు. ఆ ట్రంకు కూడా. నేనూ సున్నం పొంగించాను, బస్తాల్లో చేయి పెట్టాను. గుడ్డ వంతు వచ్చినప్పుడు ముక్కను రెండుగా చింపి, రెండో ముక్కే గరీబు వకీలు అని చెప్పేవాణ్ణి. ఒక్కసారి కూడా గొంతు వణకలేదు. దాన్ని ఏమనాలి? మీరే చెప్పండి.

మామ సంగతి అత్తమ్మ చెప్పేది. రంగు కుండలు పక్కన పెట్టాడు. తెల్ల నూలు మాత్రం నేసేవాడు. అప్పుడప్పుడు పాత ఎర్ర నూలు చిన్న పోగు తెంపి గిన్నెలో నానేసి, దారిన పోయే వాళ్ళను పిలిచి, దిగిందా చూడమనేవాడట. దిగలేదంటే నమ్మేవాడు కాడట. సర్కారోళ్ళే చూసి చెప్పిండ్రు, మీకేం తెలుస్తది అనేవాడట. నేను పోయినప్పుడు మాత్రం ఆ మాట ఎత్తలేదు. చేతులు చూశాను. తెల్లబడిపోయాయి. ఎవరి చేతులో అతికించినట్టున్నాయి. చెప్పేద్దామని నోరు తెరిచాను. పెరుగన్నం తిను అల్లుడా, ఎండన పడి వచ్చినవ్ అన్నాడు. తిన్నాను.

ఆయన పోయాడు. సాబూ పోయాడు. నన్ను తిట్టే అర్హత ఉన్నవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ నా మీద ప్రేమతోనే పోయారు. నాకు క్షమాపణ వద్దు. ఇచ్చేవాళ్ళు లేరు, మీరు ఇచ్చినా చెల్లదు.

రెండో సగం నా దగ్గరే ఉంది. పాత నమూనాలు పారేసే రోజున బీరువాలోంచి తెచ్చి నా పెట్టెలో అడుగున పెట్టాను. ముద్ర విప్పే ధైర్యం ఇన్నేళ్ళూ లేదు. ఇది మీకు చెప్పాలనుకున్న రోజున విప్పాను. లక్క పొడిపొడిగా రాలింది. చల్లని నీళ్ళు. మామూలు సబ్బు. బాగా పిండి, సాబు చెప్పినట్టే నీడన ఆరేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పక్కన ఇంకో కుర్చీ కూడా వేశాను. ఎందుకో అడగకండి. ఎండాక దగ్గరికి పోయి చూశాను. తెలుపు తెల్లగానే ఉంది. అంచు గీత గీసినట్టు ఎర్రగా ఉంది.

ఆ రోజు బీరువా తెరిచి అనాల్సిన మాట ఇది. మీరు వింటున్నారు కాబట్టి, ఇప్పుడు పైకి అంటున్నాను.

నీ రంగు దిగలే మామా.