నర్సవ్వ వాపసు తీసుకున్న మాట

మంగళవారం ఉదయం ఎల్లారెడ్డి బడిలో పిల్లలకు పాఠం చెబుతున్నాను. కామారెడ్డి నుంచి వచ్చిన బస్సు డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావడానికి సంకోచిస్తూ, "పంతులూ, జర బయటికి రాండ్రి" అని పిలిచాడు. పోయాను. "మీ అక్క పోయింది. తెల్లారంగ పానం పోయిందట. మీ బావ జల్ది రమ్మన్నడు" అన్నాడు. ఆ మాటలు చెవిన పడ్డాయే గాని మనసుకెక్కలేదు. అంతకు ముందు శుక్రవారం, మా సర్కారు బడికి వారపు సెలవునాడే పోయి చూసి వచ్చాను. జ్వరం తగ్గుముఖం పట్టిందనీ, గంజి తాగుతున్నదనీ, ఇక భయం లేదనీ వైద్యుడు చెబితే నమ్మి తిరిగి వచ్చాను. చేతిలో పుస్తకం అట్లాగే ఉంది. లోపల పిల్లలు నేను ఆపిన వాక్యాన్నే పదే పదే వల్లిస్తున్నారు.

మా అక్క నర్సవ్వ అక్షరజ్ఞానం లేని సామాన్య స్త్రీ. కామారెడ్డి స్టేషను ఎదుట మా బావ గంగారాంతో కలిసి పిట్టల దుకాణం నడిపింది. సంస్మరణ వ్యాసాలు ఇటువంటి వారి మీద రాయరని నాకు తెలుసు. అయినా, తన నోటి నుంచి జారిన ఒక అసత్యాన్ని తనదేనని ఒప్పుకొని, దాని వెంట ఊరూరా కాలినడకన తిరిగిన మనిషిని ఆమెను తప్ప నేను ఎరుగను. అందువల్ల రాస్తున్నాను.

వారి దుకాణంలో మొదట చిలుకలు, గోరింకలు, పావురాలు ఉండేవి. ఒక ఏడాది హైదరాబాదు వ్యాపారి ఒకడు వెదురుగంపల నిండా తెల్ల కుందేళ్లను రైలులో పంపడం మొదలుపెట్టాడు. కుందేలంటే వేటగాని భుజాన వేలాడేదే అనుకునే మన జనానికి, పాలనురుగు వంటి మేనూ కెంపుల వంటి కన్నులూ గల ఆ సీమ కుందేళ్లు మహా వింత. అధికారుల ఇండ్లలో, పటేండ్ల ఇండ్లలో పిల్లలు వాటికోసం మారాం చేశారు. గంప దిగడమే ఆలస్యం, ఖాళీ అయ్యేది.

అక్కకు వాటిమీద అపారమైన మమకారం. అంగడిలో మిగిలిన ముల్లంగి ఆకు, కొత్తిమీర కాడలు, చేను గట్ల గరిక ఏరి తెచ్చి, ఆకులు వాడకుండా నీళ్లు చల్లి, ఒక్కొక్క దాని ముందు పెట్టేది. కొనేవారికి జాగ్రత్తలు చెప్పనిదే పంపేది కాదు. "చెవులు వట్టి లేపకుండ్రి, నొస్తది. కుక్కకు అందకుండ పెట్టుండ్రి. నీళ్లు మాత్రం పెట్టకుండ్రి, కడుపుబ్బి చస్తది." ఈ చివరి మాట హైదరాబాదు వ్యాపారి ఆమెకు చెప్పినది. గంపలు తడిస్తే రైలులో కంపు కొడతాయి, కుళ్లిపోతాయి. వాడు తన సౌకర్యం కోసం పుట్టించిన మాట అది. అక్క దానిని శాస్త్రంలాగా నమ్మింది, నమ్మినంత శ్రద్ధగానూ అందరికీ చెప్పింది.

ఎల్లారెడ్డిలో మా పక్కింట్లో తహసీలు కచేరీలో కాగితాలు చూసే పేష్కారు కాపురముండేవారు. వారి కూతురు సుశీల, అప్పటికి ఎనిమిదేండ్ల పిల్ల, కుందేలు కావాలని అన్నం మానేస్తే, మా అక్క దుకాణంలో దొరుకుతుందని చెప్పింది నేనే. పిల్లను వెంట తీసుకుపోయి పేష్కారుగారు ఒక పిల్లకుందేలును కొని తెచ్చారు. దానికి ముత్యం అని పేరు పెట్టుకున్నారు.

ఆ మరుసటి ఎండాకాలం మా అబ్బాయిని తొట్టెలలో వేసే వేడుకకు అక్క మా ఇంటికి వచ్చింది. సుశీల పరుగున వచ్చి, "అవ్వా, ముత్యాన్ని చూద్దువు గాని రా" అని చెయ్యి పట్టుకొని లాక్కుపోయింది. నేనూ వెంట పోయాను. వసారా నీడలో కర్రపెట్టె, అడుగున ఎండుగడ్డి, పచ్చిగడ్డి దొరకని రోజులు గనుక ఒక మూల శనగలు, జొన్నరొట్టె ముక్కలు. అంతా శుభ్రంగా ఉంది. ముత్యం మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. కన్నులు లోతుకు పోయాయి. అక్క మెడ మీది తోలును వేళ్లతో పట్టి వదిలితే, అది పట్టినట్టే నిలిచిపోయింది.

"ఏం పెడుతున్నవు బిడ్డా?" అని అక్క అడిగింది.

"నువ్వు చెప్పినట్టే పెడుతున్న. నీళ్లు అస్సలు పెడ్తలేను. ఒకనాడు పనామె గిన్నె పెడితే నేనే తీసి పారబోసిన" అన్నది సుశీల. ఆ ముఖంలో ఎంత గర్వం! చెప్పిన పాఠాన్ని తప్పులేకుండా అప్పగించిన విద్యార్థిని ముఖం అది.

అక్క కాళ్లు కడుక్కొని వచ్చి ఉన్నందున చేతులింకా తడిగా ఉన్నాయి. ముత్యం తల మెల్లగా ఎత్తి ఆ తడివేళ్లను నాకసాగింది. వేళ్లు ఆరిపోయినా నాకుతూనే ఉంది. అక్క ముఖం పాలిపోయింది. "చెంబుల నీళ్లు తే తమ్మి, జల్ది" అన్నది నాతో. నేను తెచ్చేసరికి సుశీల పెట్టె మీద అడ్డంగా పడుకొని ఉంది. "వద్దవ్వా! నువ్వే చెప్తివి గద, కడుపుబ్బి చస్తదని! వద్దు!" ఆ పిల్లను ఎత్తి పక్కన కూర్చోబెట్టి, అక్క గిన్నెలో నీళ్లు పోసింది. ముత్యం మూతి అందులో ముంచి, ఎంతసేపు తాగిందో చెప్పలేను.

అప్పటికే ఆలస్యమైంది. మరునాడు మధ్యాహ్నం కాకముందే అది ప్రాణం విడిచింది. సుశీల ఏడుస్తూ మా వాకిట్లోకి వచ్చి, వేడుకకు వచ్చిన బంధువులందరి ముందూ, "నువ్వు నీళ్లు పెట్టినవు, అందుకే చచ్చింది!" అని అక్కను నిలదీసింది.

ఆ క్షణంలో మా అక్క ఊరుకుంటే సరిపోయేది. పిల్ల కోపం ఆమె మీదనే ఉండేది, పిల్ల మనసు మీద ఏ భారమూ పడేది కాదు. మా పెద్దలు కొందరు ఊరుకోమని సైగ కూడా చేశారు. కాని అట్లా ఊరుకుంటే ఆ పిల్ల రేపు మరొక ప్రాణిని ఇట్లాగే ఎండబెడుతుంది. అక్క నేల మీద కూర్చొని, పిల్ల కన్నుల్లోకి చూస్తూ చెప్పింది. "నీళ్లతోని చావలే బిడ్డా. నీళ్లు లేక చచ్చింది. నువ్వు పెట్టకపోయింది నా మాట ఇని. నువ్వేం తప్పు చెయ్యలే. తప్పు నాది. ఉత్త మాట నీకు చెప్పిన."

సుశీల ఏడుపు ఆగిపోయింది. తమ ఇంట్లోకి పోయింది. తల్లి గడపలో నిలబడి, "ఇంక మా ఇంటికి రాకమ్మా" అని తలుపు వేసుకున్నది.

ఆ పూట అక్క అన్నం ముట్టలేదు. నేను నాకు తెలిసిన ఓదార్పు చెప్పాను. "మరిచిపో అక్కా. తెలియక చెప్పినదానికి పాపం అంటదు." ఆమె నా వైపు తిరిగి, "తెల్వదని చెప్తే అయిపోవు గద తమ్మి. తెల్సినట్టు చెప్పిన" అన్నది. మరి మన దుకాణంలోని కుందేళ్లు ఎట్లా బతికాయని అడిగాను. దానికీ ఆమె అప్పుడే జవాబు కనిపెట్టింది. "ఆకులు వాడొద్దని నీళ్లు చల్లుతుంటి. గవే నీళ్లు తాగినయి. నా కండ్ల ముంగటనే తాగుతున్నయి, నేనే చూడలే."

కామారెడ్డికి తిరిగిపోగానే ఆమె మొట్టమొదట చేసిన పని దుకాణంలో ప్రతి గంప ముందూ మట్టిమూకుడు పెట్టడం. రెండవది, చెప్పులు తొడుక్కోవడం. "ఎక్కడికే?" అని బావ అడిగాడు. "కుందేలు కొన్న ఇండ్లకు" అన్నది.

"అమ్మినంక మనదేంది? చస్తే చస్తది, బతికితే బతుకుతది. ఊరంత తిరిగి మన నోటితోనే మన సొమ్ము చెడగొట్టుకుంటమా?" అని బావ గట్టిగానే అడిగాడు.

"కుందేలును అమ్మినం. నా మాట అమ్మలే, ఊరికే ఇచ్చిన. గది వాపసు తీసుకోవాలె" అన్నది అక్క. బావ ఈ సంభాషణను ఇన్నేండ్లలో నాకు ఎన్నోసార్లు చెప్పాడు. మొదట కోపంతో చెప్పేవాడు, తర్వాత నవ్వుతూ చెప్పేవాడు, మొన్న పాడె పక్కన కూర్చొని ఏడుస్తూ చెప్పాడు.

అక్క కామారెడ్డి ఇండ్లు ముగించి పల్లెల మీద పడింది. మాచారెడ్డిలో ఒక పటేలు ఇంట్లో అరుగు మీద కూర్చున్న మగవారంతా ఆమె మాట విని నవ్వారు. "కుందేలుకు నీళ్లు పెట్టమని చెప్ప కామారెడ్డి నుంచి నడిచొచ్చినవా?" అన్నాడు పటేలు. "అవు పటేలా, పెట్టొద్దని చెప్పింది నేనే" అన్నది అక్క. వారు నవ్వుతుండగానే దొడ్డిలోకి పోయి, గిన్నె పెట్టి, కుందేలు తాగేదాకా నిలబడి వచ్చింది.

రాజంపేటలో ఒక రైతు ఇల్లాలు మాత్రం దండిగా బలిసిన కుందేలును ఒడిలో పెట్టుకొని ఎదురువచ్చింది. అక్క తన తప్పు చెప్పుకోబోతే ఆమె పకపకా నవ్వి, "నీ మాట నేనెప్పుడిన్న? నోరున్న జీవానికి నీళ్లు పెట్టకుంటే ఎట్ల? కొన్ననాడే పెట్టిన" అన్నదట. అక్క ఆ ఇల్లాలి చేతులు పట్టుకొని ఏడ్చింది. తన మాట వినని మనిషి లోకంలో ఒకరున్నందుకు ఆమె పడినంత సంతోషం ఇంకెవరూ పడి ఉండరు.

సదాశివనగర్ లో పరిస్థితి వేరు. అక్కడ కుందేలు చచ్చి చాలా రోజులైంది. ఇంటివారు దానిని మరిచిపోయారు కూడా. అయినా అక్క చెప్పవలసింది చెప్పింది. ఆ ఇంటామె విని, "అయ్యో, మా ఆడిబిడ్డ కూడ ఒకటి తెచ్చుకున్నది. నీళ్లు పెట్టొద్దని నేనే చెప్పిన" అన్నది. తాను అమ్మని కుందేళ్ల దగ్గరికీ తన మాట పోయిందని అక్కకు ఆనాడు తెలిసింది. ఆ ఆడబిడ్డ ఊరు ఏదో అడిగి, అటే నడిచింది.

ఆ తర్వాత ఆమె అమ్మకం తీరే మారిపోయింది. ఒంటరిగా ఒకదానిని ఇచ్చేది కాదు. ఒక ఈతలో పుట్టిన రెండు ఆడ కుందేలు పిల్లలను జతగా ఇచ్చేది. ఇనుపతీగల పంజరంలో పెడతామంటే, పాదాలు పుండ్లు పడతాయని ఒప్పుకునేది కాదు. తెలియని సంగతి అడిగితే "నాకు తెల్వది, చూసి చెప్త" అనేది. ఒక దసరాకు ఒక దేశ్ ముఖ్ గారి మనిషి మోటారులో వచ్చి, చిన్నదొర ఆడుకోవడానికి ఒకటి కావాలన్నాడు. "ఆడుకునేటందుకైతే బొమ్మ కొనుక్కోండ్రి" అని ఆమె గంప మూత దించేసింది. బావ వణికిపోయాడు. ఆ మనిషి తిట్టుకుంటూ పోయాడు. కొన్నాళ్లకు, ఇట్లా అమ్మడం కంటే మానుకోవడమే మేలని ఇద్దరూ నిశ్చయించారు. మిగిలిన కుందేళ్లు వారి దొడ్డిలోనే ముసలివై పోయాయి.

పోయిన ఏడాది సుశీల, ఇప్పుడు పెండ్లయిన యువతి, రైలు దిగి ఎల్లారెడ్డి బస్సు కోసం వేచి ఉన్నప్పుడు దుకాణానికి తనంతట తానే వచ్చింది. అక్కకు నమస్కరించి, "అవ్వా, ఆనాడు నాతో నిజం చెప్పింది నువ్వొక్కదానివే" అన్నది. ఈ సంగతి వినగానే నేను సంతోషంతో, "ఇకనైనా మనసు నిమ్మళం చేసుకో అక్కా" అన్నాను. ఆమె, "ఆ పిల్ల మాఫ్ చేసింది తమ్మి. చెయ్యవలసింది ఆ పిల్ల కాదు గద" అన్నది.

ఇక మొన్నటి శుక్రవారం సంగతి. నేను మంచం పక్కన కూర్చున్నాను. జ్వరం దిగి ఆమె ముఖం తేటగా ఉంది. ఉన్నట్టుండి, ఎన్నడూ చెప్పని ఒక విషయం చెప్పింది.

"ఒకనాడు గంప దించుకుంటందుకు స్టేషన్లకు పోతే, మన్మాడ్ దిక్కు పోయే బండి ఆగి ఉండె తమ్మి. కిటికీలకెంచి ఒకాయన పిలిచి రెండు కుందేలు పిల్లలు కొన్నడు. పక్కన ఆయన భార్య, ఒడిల చిన్న బిడ్డ. పిల్లలను అందియ్యంగనే బండి కదిలింది. చెప్పకపోతే ఎట్ల అని బండెంబడి ఉరికిన. నీళ్లు పెట్టకుండ్రి, నీళ్లు పెట్టకుండ్రి అని ఒర్రుకుంట ఉరికిన. ఆయన ఇన్నట్టు చెయ్యి ఊపిండు. అందరి ఇండ్లకు పోయిన గని, ఆయన ఇంటికి ఎట్ల పోవాలె? ఏ ఊరో నాకు తెల్వది."

అక్కనే మళ్లీ, "నువ్వు చదువుకున్నోనివి. పేపర్ల ఏస్తే ఆయనకు చేరుతదా?" అని అడిగింది.

నేను నవ్వాను. జ్వరపు బలహీనతలో ఏదో అడుగుతున్నదనుకున్నాను. "ముందు నువ్వు లేచి తిరుగు అక్కా, తర్వాత చూద్దాం" అని దుప్పటి సవరించి, బస్సు వేళ అయిందని లేచి వచ్చాను. ఆమె నన్ను అడిగిన చివరి కోరిక అదే. నేను ఇచ్చిన చివరి జవాబు ఆ నవ్వు.

అటువంటి అక్క నాకు ఇక దొరకదు. ఆమె వెళ్లిన దారికి నా వందనం చేరుతుందో లేదో తెలియదు. ఆమె అడిగిన పని మాత్రం, ఆలస్యంగానైనా, ఈ పత్రికలో చేస్తున్నాను.

అయ్యా, తమరెవరో, ఏ ఊరివారో నాకు తెలియదు. చాలా ఏండ్ల కిందట కామారెడ్డి స్టేషనులో, రైలు కిటికీలో నుంచి రెండు తెల్ల కుందేలు పిల్లలను కొన్నారు. అవి ఇన్నాళ్లు బతికి ఉండవు. ఆనాడు విన్న మాట మాత్రం తమ ఇంట్లో ఇంకా బతికి ఉండవచ్చు. తమరు ఎవరికైనా చెప్పి ఉండవచ్చు, వారు మరొకరికి చెప్పి ఉండవచ్చు. ఆ మాట నిజం కాదు. నీళ్లు పెట్టండి. వారందరినీ పెట్టమనండి. బండి వెంట పరుగెత్తిన ఆమె చెప్పమన్నది.