గాలిలో నీళ్లు మరిచిన లెక్క

ఈ కింద రాసిన ప్రతి మాటా నిజమని నన్నారి షర్బత్ మీద, కడప బండ మీద, నా తలమీద మిగిలిన వెంట్రుకల మీద ప్రమాణం చేస్తున్నాను. నా మాట నమ్మని మిత్రులు ఊరూరా ఉన్నారు. ఈసారికి వాళ్లూ నమ్మాలి.

ఈ ఉదయం ఓర్వకల్లు దగ్గర నేను పనిచేసే ఆక్సిజన్ ప్లాంటులో, కొత్తగా వచ్చిన జియోలైట్ గింజలు గుప్పెడు తీసుకున్నాను. చూడటానికి సగ్గుబియ్యంలా ఉంటాయి. అరచేతి చెమట తగలగానే వేడెక్కాయి. ఆ వేడికి ఖైరున్నీసా మేడం గుర్తొచ్చారు. కడపలో ఒక కాలేజీలో ఆమె కెమిస్ట్రీ చెప్పేవారు. నేను ఆమె దగ్గర పరిశోధనకు చేరినవాణ్ణి. చేరిన రోజే నా చేతిలో ఇవే గింజలు పోసి, వాటిమీద చెంచాడు నీళ్లు వదిలారు. ఎగిరి గంతేశాను.

"ఏమప్పా, కాలిందా?"

"కాలలేదు మేడం. కరిచింది."

"నీళ్లంటే వీటికి అంత ఇష్టం. పట్టుకుంటే వదలవు. గుర్తు పెట్టుకో."

నేను పెట్టుకోలేదు. విచిత్రమేమంటే, ఆమె కూడా పెట్టుకోలేదు.

ఎరువుకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు నైట్రోజన్ కావాలి, నైట్రోజన్ గాలిలో కావలసినంత ఉంది. జియోలైట్ లోపల కంటికి కనిపించని గదులుంటాయి. గాలిని పంపితే నైట్రోజన్ ఆ గదుల్లో ఎక్కువగా అతుక్కుంటుంది, ఆక్సిజన్ ముందుకు పోతుంది. ఆ గదులనూ ఆ గాలినీ కంప్యూటర్‌లోనే కట్టి, ఏ జియోలైట్ ఎంత పట్టుకుంటుందో లెక్కగట్టడం మా పని. పత్తికొండ లాంటి చిన్న ఊళ్లో కూడా ఒక చిన్న అమ్మోనియా యంత్రం నడవాలన్నది మేడం పంతం. ఆ కంప్యూటర్ ఎంత వేడెక్కేదంటే, ఒకసారి దానిమీద దోసె పోసుకుని తిన్నాం.

లెక్క అద్భుతంగా వచ్చింది. దాన్ని చూడటానికి హైదరాబాద్ నుంచి నిపుణులు వస్తున్నారన్నారు. వాళ్లు మెచ్చితే కాలేజీలో మా పరిశోధన గది మాకుంటుంది, లేదంటే పోటీ పరీక్షల కోచింగ్‌కు పోతుంది. ముందురోజు మేడం షర్బత్ తెప్పించి, తాగకుండా గ్లాసునే చూస్తూ కూర్చున్నారు. చల్లటి గ్లాసు బయట నీటిబొట్లు జారుతున్నాయి.

"మన లెక్కలో గాలికి నీళ్లు యాడ పెట్టినావప్పా?"

"మన గాలిలో నీళ్లు యాడుండాయి మేడం?"

పకపకా నవ్వారు. నవ్వుతూనే ముఖం మారింది. "నువ్వూ నేనూ ఈడ పుట్టినోళ్లమే కదా. నాకూ తోచలేదు సూడు."

కోస్తా మనిషైతే మొదటిరోజే గాలికి తేమ కలిపేవాడు. మేము ఎండుగాలినే గాలి అనుకున్నాం. తేమ కలిపి మళ్లీ నడిపితే నీళ్లు వచ్చి గదులన్నీ ఆక్రమించాయి. నైట్రోజన్ వీధిన పడింది.

ప్రిన్సిపాల్ తలుపు వేసి మరీ చెప్పారు. "పాత లెక్కే చూపించండి మేడం. వాళ్లకేం తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది కదా సార్."

"గది పోతాది."

"పోనీండి. గది కోసం లెక్కను చంపేది నాకు చేతకాదు."

మరునాడు మేడం నిపుణుల ముందు రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టారు. గాలిని ముందు ఆరబెట్టాలి, ఆ శ్రమనూ కలిపితేనే ఇది లెక్క అన్నారు. ఒక పెద్దాయన మూతి విరిచారు. "గాలిలో తేమ ఉంటుందని ఇన్నాళ్లూ తెలియదా అమ్మా?"

"మే నెల్లో మా ఊరికి రాండి సార్. మీరూ మర్చిపోతారు."

గది పోయింది. కంప్యూటర్ ఆమె సొంతం. దాన్ని నా చేతుల్లో పెట్టి, తల పైకెత్తి గేటు దాటారు. ఆ క్షణాన కుండపోతగా వాన కురిసింది, ఆటోలు పడవలయ్యాయి. ఆమె తమ్ముడి బండల దుకాణంలో, రాళ్లు కోసే రొద మధ్య, రాతి దుమ్ములో కంప్యూటర్ పెట్టుకున్నాం. "ఈడ కోచింగ్ ఎవురు పెడతారో సూస్తా," అన్నారు. గాలిని ఆరబెట్టడంతో సహా మొత్తం లెక్క అక్కడే ముగించారు.

ఇప్పటికీ నేను ఏ లెక్క మొదలుపెట్టినా ముందు నీళ్లు పెడతాను. "వదిలెయ్ సార్, ఎవరడుగుతారు?" అని ఎవరైనా అంటే అరచేతిలో ఆ వేడి తగులుతుంది. వదలను.

ఇక ప్రమాణం సంగతి. దోసె నిజం. వాన అబద్ధం. ఆ రోజు కడపలో చుక్క పడలేదు. అలాంటి మనిషి తలెత్తుకుని బయటికొస్తుంటే ఆకాశం చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అందుకే నేనే కురిపించాను. మళ్లీ చెప్పమన్నా కురిపిస్తాను.