హాజరుపట్టీ

మలయాలో 'మెర్డెకా' అంటూ స్వాతంత్ర్య జెండా ఎగిరిన ఏడాది, రబ్బరుతోట గుమాస్తా దొరసామి, అదే తోటలో కూలీ అయిన చిత్రకారుడు తాతబాబు జీవితకథ అచ్చువేయించి, సైకిలుకి కట్టుకుని తోటతోటకీ తిరిగేవాడు. ఆదివారాలు గుడి అరుగు మీద కళ్ళద్దాలు తుడుచుకుని చదివేవాడు. కొన్నవాళ్ళకి నిదానంగా సంతకం పెట్టేవాడు. తిరుగుబాటు అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీలో తాతబాబుని సైనికులు కాల్చేసిన పేజీ మాత్రం గబగబా చదివేసేవాడు. ఆవేళ గుడిగోడ మీద అమ్మవారి బొమ్మ వేయమని అతన్ని పంపింది తనే. అలవాటు కొద్దీ హాజరుపట్టీలో 'రాలేదు' అని రాసిందీ తనే. పట్టీ చూసిన సైనికులు, అడవిలో తిరుగుబాటుదార్ల దగ్గరికి పోయాడనుకున్నారు. అది మాత్రం పుస్తకంలో లేదు.

ఒక ఆదివారం తాతబాబు భార్య ఎర్రమ్మ పుస్తకం చాపింది. "సంతకం ఎట్టండి బాబూ. ఆ పొద్దు మా ఆయన పేరుకాడ రాసినారు గదా, ఆ సేత్తోనే."

దొరసామి 'తాతబాబు' అని రాసి, పక్కన 'వచ్చాడు' అని పెట్టాడు. చదువురాని ఎర్రమ్మ అది సంతకమే అనుకుని, పుస్తకం కొంగులో చుట్టుకుంది.