ఆ చెయ్యి లింగన్నది కాదు

పందొమ్మిదేళ్లుగా ఒక మనిషి చెయ్యి నా మెడకు వేలాడుతోంది. ఎడమ చెయ్యి. విరిగిన చెయ్యి. దాన్ని విరగ్గొట్టింది నేను కాదు, విరగ్గొట్టించింది నేను. ఈ రెండింటికీ తేడా ఉందని చాలా కాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏం తేడా? కొట్టినవాళ్లకు కనీసం చెమట పట్టింది. నాకు అదీ పట్టలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. నా పేరు మీకు అక్కర్లేదు. మాది మార్కాపురం. నాయనా బాబాయీ కలిసి పలకల వ్యాపారం చేసేవాళ్లు. ఊరి బయట మాకో బత్తాయి తోట ఉండేది. తోటలో బోరు, బోరు పక్కన నీళ్లు నిలవ చేసుకునే పెద్ద సిమెంటు తొట్టి. దిగితే నాకు గడ్డం దాకా వచ్చేవి నీళ్లు.

నాకు పదమూడేళ్లప్పుడు, ఒక వేసవిలో, ఆ తొట్టే మాకు స్విమ్మింగ్ పూల్ అయింది. గిద్దలూరులో ఎవరో వ్యాపారి సెలవుల్లో పిల్లలకు ఈత టీం పెట్టాడని నాయన చెవిన పడింది. వాళ్లు పెడితే మనం పెట్టలేమా! తెలిసిన దుకాణాలవాళ్ల పిల్లల్ని ఎనిమిది మందిని పోగు చేశాడు. ఒంగోలు నుంచి పసుపు టోపీలు తెప్పించాడు. మే నెలాఖరున గిద్దలూరు పిల్లలతో పోటీ అని రెండు ఊళ్లవాళ్లూ మాట అనుకున్నారు.

నేర్పేవాడు లింగన్న. మా తోట కాపలా మనిషి. దోర్నాల అవతల అడవిలో గూడెం వాళ్లది. కృష్ణలో చేపలు పడుతూ పెరిగినవాడు, నీళ్లలో దిగితే ఇక మనిషి చప్పుడే వినపడేది కాదు. తేలడానికి మా వీపులకు ఎండు బెండ్లు కట్టి తొట్టిలోకి దించేవాడు. మొదట మూడు బెండ్లు, తర్వాత రెండు, తర్వాత ఒకటి. ఆఖరి బెండు విప్పే ముందు మునక. మా తల మీద ఎడమ చెయ్యి వేసి, నీళ్ల కిందికి నొక్కిపట్టి, పైన గట్టిగా పది దాకా లెక్కపెట్టేవాడు. ఊపిరి అందకపోతే ఆయన మణికట్టు మీద రెండుసార్లు తట్టాలి. తట్టగానే వదిలేసేవాడు. రెండో తట్టు పడ్డాక ఆయన చెయ్యి నా తల మీద ఉన్న రోజు ఒక్కటి కూడా లేదు. ఈ తట్టే సంగతి పిల్లలకే తెలుసు. లింగన్న ఎడమ చేత్తో పిల్లల్ని ముంచుతాడు, భయం పోగొడతాడు అని మాత్రం పెద్దలందరికీ తెలుసు.

హారిక మా బాబాయి కూతురు. తొమ్మిదేళ్ల పిల్ల. అమ్మమ్మ ఇంటి నుంచి ఆలస్యంగా వచ్చి టీంలో చేరింది. వారం తిరక్కుండానే మూడు బెండ్లూ విప్పించుకుంది. పోటీకి నాలుగు రోజులుందనగా లింగన్న రిలేకు నలుగురి పేర్లు చదివాడు. ఆఖరున ఈదాల్సింది నేను. నా చోట హారిక పేరు వచ్చింది. నన్ను ఎక్‌స్ట్రాగా ఉండమన్నాడు. తోట మాది. తొట్టి మాది. నేను ఎక్‌స్ట్రానా! ఒళ్లంతా కారం పూసినట్టు మండింది.

ఆ పొద్దున మిగతా పిల్లలు ఒడ్డెక్కి, చెట్ల కింద బొరుగులు తింటున్నారు. త్రీఫేజ్ కరెంటు వచ్చిందని లింగన్న మోటారు వెయ్యడానికి షెడ్డు దగ్గరికి పోయాడు. మా వంతు వేళ తప్పితే ఆ కరెంటు మళ్లీ మరుసటి రోజే. తొట్టిలో నేనూ హారికా మిగిలాం. దాని వీపు నా వైపు ఉంది. వెనకనుంచి పోయి తల మీద చెయ్యి వేసి నొక్కాను.

మొదట అది ఆటే అనుకుంది. గింజుకోలేదు. లింగన్నే వచ్చాడనుకుందేమో, నీళ్ల కింద బుద్ధిగా కూర్చుంది. కాసేపటికి నా మణికట్టు మీద తట్టింది. రెండుసార్లు. నేను వదల్లేదు. మళ్లీ రెండుసార్లు. రెండో చెయ్యి కూడా వేసి, కాళ్లు తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. దాని మూతి తొట్టి మెట్టుకు కొట్టుకున్న దెబ్బ నా మోచేతులకు తెలిసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. అయినా తట్టింది. ఎనిమిది తట్లు లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టాను? తెలియదు. తర్వాత తట్టడం మాని గోళ్లతో రక్కింది. తర్వాత అదీ మానేసింది. అప్పుడు గానీ వదల్లేదు. వదిలి, మెట్లెక్కి, కేక పెట్టాను.

చంపాలనుకున్నానా? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. కాదనే జవాబు వస్తుంది. కానీ ఆ జవాబు చెప్పేది కూడా నేనే కదా.

లింగన్న పరుగున వచ్చి దూకాడు. దాన్ని భుజాన వేసుకుని పైకొచ్చి, తలకిందులు చేసి, వీపు మీద చరిచాడు. నీళ్లు కక్కింది. రక్తంతో పాటు ముందు పళ్లు రెండు ఊడి పడ్డాయి. ఊపిరి వచ్చింది. దాన్ని బతికించింది ఆయనే. ఈ మాట మా ఇంట్లో ఈనాటి దాకా ఎవరూ అనలేదు, నాతో సహా.

ఎవరో పిల్లవాడు ఫోన్ చేశాడు. నాయన, బాబాయి, మా పలకల గోడౌన్ మనుషులిద్దరు పది నిమిషాల్లో వచ్చారు. బాబాయి హారికను ఒళ్లోకి లాక్కున్నాడు. ఏం జరిగిందే అంటే, పగిలిన మూతితో అది రెండే మాటలు అనగలిగింది. "తల మీద చెయ్యి… మునక…"

అందరూ లింగన్న వైపు తిరిగారు.

"నేను కాదు సామీ," అన్నాడు లింగన్న. "కరెంటొచ్చిందని మోటారు కాడికి పోయినా. పెద్దపాప తొట్లోనే ఉన్నింది. పాపనడగండి. పాప ఉన్నది ఉన్నట్టు చెప్తాది."

నన్నే సాక్షిగా పిలిచాడు. నా మణికట్టు మీద హారిక గోళ్ల గీతలున్నాయి. తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాను.

"చెప్పు మా. ఎవరు ముంచినారు?" అన్నాడు నాయన.

"లింగన్న."

"నువ్వు చూసినావా?"

"చూసినా నాయనా. వదులు వదులు అని అరిచినా, వదల్లేదు."

"ఏంది పాపా, అట్లంటావు?" అన్నాడు లింగన్న. కోపం లేదు ఆ గొంతులో. లెక్క తప్పు చెప్పిన పిల్లను మళ్లీ చెప్పమన్నట్టుగా అడిగాడు.

అడిగినదానికి ఒక్క మాట చాలు. ఆ రెండో అబద్ధం ఎవరడిగారు నన్ను? నరం లేని నాలుక, దానంతటదే తిరిగింది. భయంతో అన్నానని ఏళ్ల తరబడి అనుకున్నాను. భయం ఉంది, కాదనను. కానీ దాని పక్కనే ఇంకొకటి కూర్చుని ఉంది. ఎక్‌స్ట్రా అన్నాడుగా, అనుభవించనీ అని. ఛీ. పదమూడేళ్ల పిల్లకు అంత విషం ఎక్కడిది?

మునిగే పిల్లలకు అందించడానికి లింగన్న తొట్టి పక్కన ఒక వెదురు గడ పెట్టుకునేవాడు. నాయన దాన్నే అందుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది మోకాలి మీద. లింగన్న కూలబడ్డాడు. గడ విరిగింది. విరిగిన ముక్కతోనే కొట్టాడు, వెదురు చీలికలు వీపులో దిగబడ్డాయి. రోజూ ఆయనతో బీడీ పంచుకునే గోడౌన్ మనుషులిద్దరూ చెరో రెక్క పట్టుకున్నారు. బాబాయి మోటారు బెల్టు తీసుకుని మొహం మీద కొట్టాడు. కనుబొమ చిట్లింది. జుట్టు పట్టుకుని నుదురు తొట్టి గట్టుకేసి బాదాడు, ఎన్నిసార్లో. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నా కాళ్ల మీద చినుకులు పడ్డాయి. ఎర్ర చినుకులు.

"ఏ చెయ్యిరా? ఇదేనా?" అన్నాడు బాబాయి. ఎడమ చెయ్యి అని అందరికీ తెలుసు కదా. ఆ చెయ్యిని గట్టు మీద పరిచి పట్టుకున్నారు. షెడ్డులోంచి బోరు రెంచి వచ్చింది. మొదటి దెబ్బకు వేళ్లు. రెండో దెబ్బకు మణికట్టు, ఎండు కంప విరిగినట్టు. అంతదాకా ఏ దెబ్బకూ అరవని మనిషి అప్పుడు అరిచాడు. మూడో దెబ్బ అరిచాక కూడా పడింది. చెట్ల కింద ఒక పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. అందరి తలల మీదా పసుపు టోపీలు.

ఒక్క మాట. ఆగండి, నేనే ముంచాను. అంతే అనాలి. గడ ఎత్తినప్పుడు అనొచ్చు. బెల్టు తీసినప్పుడు అనొచ్చు. చెయ్యి పరిచి పట్టుకున్నప్పుడు కూడా ఆలస్యం కాలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య కావలసినంత వ్యవధి ఉంది. నేను ఆ వ్యవధులన్నిటిలోనూ నిలబడి చూశాను.

పోలీసులు, కేసులు ఏమీ లేవు. ఆడపిల్ల పేరు బయటికొస్తుందట. ఆయన్ని సామాను ఆటోలో వేసి దోర్నాల రోడ్డున దించి వచ్చారు. నాలుగు రోజుల తర్వాత గిద్దలూరులో పోటీ జరిగింది. హారిక మంచంలో ఉంది కాబట్టి ఆఖరున నేనే ఈదాను. గెలిచాం. నాయన నన్ను భుజాల మీద ఎత్తుకున్నాడు.

తర్వాత ఆ కథ మా ఇంటి వీరగాథ అయింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో బాబాయి చెప్పేవాడు, రెంచి ఎంత బరువో చేతులతో చూపించి మరీ. ఆఖరున నన్ను చూపించేవాడు, మా పెద్దపాప బెదరకుండా సాక్ష్యం చెప్పింది అని. నేను తల వంచుకునేదాన్ని. అణకువ అనుకునేవాళ్లు.

అయిదేళ్ల కిందట శ్రీశైలం పోతూ దోర్నాలలో టిఫిన్‌కి ఆగాం. హోటల్ ముందు ఒక మనిషి కుడిచేత్తో నీళ్ల బిందెలు దించుతున్నాడు. ఎడమ చెయ్యి కోడికాలు మాదిరి ముడుచుకుపోయి కడుపుకు ఆనుకుని ఉంది. నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. బిందె కింద పెట్టి కారు వైపు రెండడుగులు వేశాడు. ఏం అడిగేవాడో. నేను అద్దం ఎక్కించేశాను. ఆకలి లేదు, పోదాం పదమని మా ఆయన్ని కసిరాను.

ఈ వేసవిలో మా ఊరి బయట నిజమైన పూల్ వచ్చింది. పిల్లలకు సమ్మర్ టీం పెట్టారు. మా అమ్మాయిని చేర్చాం. హారిక తన కొడుకుని చేర్చింది. అది మాత్రం నీళ్ల దగ్గరికి కూడా రాదు, బకెట్‌లో నీళ్లు నిండుగా ఉంటే తలంటుకోదు. వీడైనా నా మాదిరి కాకూడదక్కా అంది. కోచ్ చిన్నవాడు, నెమ్మదస్తుడు. మూడో రోజున హారిక వాడి ఊరు అడిగింది. దోర్నాల పక్కన గూడెం అన్నాడు. ఈత ఎవరు నేర్పారంటే, మా నాయనే, ఒంటి చేత్తో నేర్పినాడక్కా అన్నాడు గర్వంగా. నాయన పోయి రెండేళ్లయిందన్నాడు. పేరు లింగన్న.

గంటలో తల్లుల వాట్సాప్ గ్రూపులో హారిక మెసేజ్ పెట్టింది. వీడి తండ్రి పిల్లల్ని ముంచి చంపబోయిన మనిషి, నా పళ్లు సాక్ష్యం, వీణ్ని తీసెయ్యాలి అని. ఒకరి తర్వాత ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను. రాస్తుంటే వేలు మండుతోంది, అయినా రాస్తున్నాను. నేనూ పెట్టాను. సాయంత్రానికి వాణ్ని పంపేశారు. సంచి భుజాన వేసుకుని గేటు దాటి పోతుంటే చూశాను. రెండు చేతులూ బాగున్నాయి వాడికి. ఈసారి రెంచి ఎవరూ ఎత్తలేదు, అంతే తేడా.

మరునాడు మధ్యాహ్నం అదే గ్రూపులో రాశాను. లింగన్న కాదు, హారికను ముంచింది నేను అని. పంపాక వెనక్కి తీసుకునే వ్యవధి ఉంటుంది. తీసుకోలేదు.

ముందు ఫోన్ చేసింది హారికే. అటునుంచి దాని ఊపిరి వినిపించింది. "ఆ చెయ్యి నాదేనే," అన్నాను. "నువ్వు తట్టినావు. నాకు తెలిసింది. వదల్లేదు."

ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. నాయనకు తెలిసి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా ఆయన అమ్మాయిని మా అత్త దగ్గరికి పంపించాడు, కొన్నాళ్లే అంటున్నాడు. ఆ చిన్నవాణ్ని తిరిగి పిలిపించమని పూల్ వాళ్లను అడిగాను. ఇప్పుడెందుకమ్మా ఈ గొడవ అన్నారు. గూడేనికి పోయి ఆ చిన్నవాడి తల్లి ముందు నిలబడాలి. పోతాను. ఆమె ఉమ్మేసినా తుడుచుకోను. చచ్చిపోయిన మనిషి తరఫున క్షమించే హక్కు ఆమెకు కూడా లేదు, ఆ సంగతి తెలిసే పోతున్నాను.

మీకు చెప్పకూడని మాట ఇంకొకటుంది. హారిక ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి పోయి కంచం పెట్టుకున్నాను. ఎన్నేళ్లయిందో అంత ఆకలి వేసి. చల్లారిన అన్నం, పప్పు, ఊరగాయ. సిగ్గు లేకుండా రెండోసారి కూడా పెట్టుకుని తిన్నాను.