రత్నాకర్ కూర్చుని తిన్న రోజు

రత్నాకర్‌కు ఒకే ఒక్క జబ్బు: పదిమంది తినే చోట కూర్చోలేడు. నడుముకు తువ్వాల చుట్టి, బకెట్టు అందుకుని, "జర ఇంకొంచెం" అంటూ బంతిలో పడతాడు. వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే వేస్తాడు. మెదక్‌లో ఆయన మోటర్ వైండింగ్ షాపు తెలియనివాళ్లు ఉంటారేమో గానీ, ఆయన చేతి మటన్ తిననివాళ్లు లేరు. ఒకాయన దినాలలో, దండ వేసిన ఫొటో ముందు పెట్టిన విస్తరిలో కూడా మారు వడ్డించాడు. మా నాయన బతికుండగా ఏనాడూ అంత తినలేదని కొడుకులు వాపోయారు.

ఈ జబ్బు తన పెళ్లిలోనే బయటపడింది. బంతికి ఒక కొసన స్నేహితుల మధ్య కూర్చున్న పెళ్లికొడుకు బాసికంతోనే లేచి బకెట్టు పట్టాడు. వంటవాడికి బాసికం ఎవరు కట్టారని ఆడపెళ్లివారు అడిగారు. రెండో కొసన ఉన్న పెళ్లికూతురు దేవిక సిగ్గుతో తల ఎత్తలేదు. అప్పటినుంచి ఏ విందులోనూ ఆమె మొగుడి ముఖం చూస్తూ తిన్నది లేదు. చూసిందల్లా వీపే.

అందుకే ఈ వాలెంటైన్స్ డేకి పట్టుబట్టింది. వాళ్ల గల్లీ చివర ఉదయ్ కుమార్ జపాన్ హోటలు తెరిచాడు. అక్కడ బకెట్లు లేవు, బంతులు లేవు. సుషీ అని అన్నం ముద్దలు లెక్కపెట్టి పెడతారు, కొసరన్న మాటే లేదు.

"ఒక్క పూట నా ముందట కూసొని తిను, గంతే. లేస్తే మల్ల నీతోని యాడికీ రాను," అంది. ఇంట్లో తువ్వాలలన్నీ తడిపి ఆరేసి మరీ బయల్దేరింది.

పాపం, అన్నీ ఆలోచించింది గానీ జపాన్ వాళ్ల అలవాట్లు ఆమెకేం తెలుసు? కూర్చోగానే ఉదయ్ కుమార్ చేతులు తుడుచుకొమ్మని ఒక వేడి తువ్వాల తెచ్చి సరిగ్గా రత్నాకర్ చేతిలో పెట్టాడు. జానెడు గుడ్డ, నడుముకు చాలదు. భుజానికి సరిపోయింది.

ఆ మధ్యాహ్నం హోటలు జంటలతో కిక్కిరిసింది. వడ్డించాల్సిన అతను తను ప్రేమించిన పిల్లను తీసుకుని వేరే హోటలుకు పోయాడు. ఉదయ్ కుమార్ ఒక్కడే వండలేక, పెట్టలేక అల్లాడుతున్నాడు. రత్నాకర్ రెండు చేతులా కుర్చీని పట్టుకుని కాసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత కుర్చీ ఉంది, రత్నాకర్ లేడు.

చారు అడిగినవాళ్లకు సుషీ, సుషీ అడిగినవాళ్లకు చారు పడ్డాయి. అలిగి కూర్చున్న జంటకు రెండూ పడ్డాయి. దేవికకు ఒళ్లు మండి, సంచి తీసుకుని లేచింది.

అప్పుడు మూలబల్ల కనిపించింది. ఎల్దుర్తి బస్సుకు టైముందని, ఏదో హోటలేగా అని లోపలికొచ్చిన వీరయ్య, ఆగమ్మ అక్కడ కూర్చున్నారు. ఏం అడగాలో తెలియక ముసలి జంట చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. రత్నాకర్ వాళ్ల ముందు పళ్లెం పెట్టి, తినే పుల్లలు పక్కన పడేసి, ఒక ముద్ద చేత్తో తిని చూపించాడు.

"గిది మన బువ్వనే అవ్వా, జర ఆకు సుట్టిండ్రు. తినుండ్రి."

ఆగమ్మ నవ్వి చెయ్యి చాపింది.

చివరి పళ్లెంతో రత్నాకర్ తన బల్లకు వచ్చాడు. భార్య భుజాన సంచి చూసి తల గోక్కున్నాడు. "ఆళ్లు అడగలేక కూసున్నరే. మన లగ్గంల నువ్వు కూసున్నట్టు."

"నేనా?"

"ఖాళీ ఇస్తారి ముంగట తలకాయ వంచుకొని కూసున్నవ్. ఎవ్వలూ సూస్తలేరు. సీదా నీ కాడికే వస్తే అందరు నవ్వుతరని, ఆ కొస నుంచి బంతంత వడ్డించుకుంట వచ్చిన. గప్పటి సంది యాడికి పోయినా గసుంటోళ్లే కనవడ్తరు."

ఆనాడు తన విస్తరిలో పడ్డ పెద్ద గరిటెడు బగారా అన్నం దేవికకు బాగా గుర్తుంది. పెట్టిన చెయ్యి ఎవరిదో తల ఎత్తి చూడలేదు. ఇన్నేళ్లుగా దాచుకున్న కోపమంతా దండగైపోయింది. మొగుడి మీద పట్టరాని ప్రేమ పొంగింది.

సంచి కింద పెట్టింది. ఆయన భుజం మీది తువ్వాల లాగి తన భుజాన వేసుకుంది.

"కూసో."

కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాడు, ఇంకొకటి తిన్నాడు. ఆమె వడ్డించడం ఆపలేదు.

"సాలు దేవికా," అంటూ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఇంకొంచెం," అని ఆ చేతి మీదే వేసింది.