చప్పిడి కూర

మా జీడిపప్పు షెడ్‌కి ఒకసారి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. కష్టంలో ఉన్న పనివాళ్లను నాలాంటి సూపర్‌వైజర్లు ఎలా గుర్తుపట్టాలో బొమ్మలు చూపించి మరీ చెప్పాడు. ఆలస్యంగా వస్తారట, విసుక్కుంటారట, పని పాడుచేస్తారట. కూర గిన్నె సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పినా నా బుర్రకెక్కేది కాదు, అప్పట్లో నాకున్న పొగరు అలాంటిది.

పలాసలో మా షెడ్ ఆడవాళ్లం మధ్యాహ్నం గుండ్రంగా కూర్చుని ఎవరి కూర వాళ్లు మధ్యలో పెడతాం. అందరి కూరా అందరిదీ. ఎవరైనా గిన్నె దాచుకుంటే ఒళ్లు బలిసిందనే అనుకుంటాం. పప్పు మీద పొట్టు తీయడంలో షెడ్ మొత్తానికి దిట్ట అయిన ఒకామె, ఉన్నట్టుండి గోడవైపు తిరిగి ఒంటరిగా తినడం మొదలుపెట్టింది. అదే వారం ఆమె చేతిలో పప్పు గుండుగా నిలవక బద్దలైపోసాగింది. నేను ఆ రెండూ కలిపి చూడలేదు. అందరి ముందూ అనేశాను.

"మా కూరలు నీ కంటికి ఆనట్నేదేటే?"

ఆమె గిన్నెకి మూత పెట్టేసింది. అది తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

బద్దలు ఎక్కువ చేసినవాళ్లను తీసేయాలన్నది మా మేనేజర్ నియమం. శనివారంలోగా ఆమె పేరు రాసిమ్మన్నాడు. రాసేముందు ఒకసారి గట్టిగా మందలిద్దామని భోజనాల వేళ ఆమె పక్కన కూలబడి, అడక్కుండానే ఆమె కూర నోట్లో పెట్టుకున్నాను. వంకాయ కూర. ఉప్పు లేదు.

మా వైపు కిడ్నీ జబ్బు ఏ గుమ్మంలో అడుగుపెడితే ఆ ఇంట్లోంచి ముందు పోయేది ఉప్పే.

"ఎవులికి?" అన్నాను.

"మా ఆయనకప్పా. వారానికి రెండుమార్లు డయాలసిస్. ఇద్దరికీ ఒకటే కూర వండుతన్నాను. తెలిస్తే పనిలోంచి తీసేత్తారని సెప్పనేదు. నిద్దర నేక సేతులు వణుకుతన్నాయి, ఏటి సెయ్యమంతావు?"

శనివారం మేనేజర్‌కి ఖాళీ కాగితం ఇచ్చాను.

"పేరేదమ్మా?"

"రాయను బాబూ. పప్పు ఏరే బల్లకి మార్చినాను. అక్కడ ఇరగడానికేటీ నేదు. వారానికి రెండ్రోజులు రాదు, మిగతా రోజులు ఎవులికన్నా బాగా సేస్తాది."

"నియమం తెలీదా?"

"తెలుసు. నాను పెట్టింది కాదు."

ఆయన నన్నే చూస్తూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను తలదించుకోలేదు.

సోమవారం నేను కూడా ఉప్పు లేకుండా వండి, గిన్నె మధ్యలో పెట్టి, పక్కనే ఉప్పు డబ్బా పెట్టాను.

"ఏటప్పా, ఉప్పు మర్సిపోనావా?" అని ఎవరో నవ్వారు.

"మర్సిపోనేదు. కావలసినోలు కలుపుకోండి."

కాసేపటికి ఆమె గోడ దగ్గరి నుంచి గిన్నెతో వచ్చి మా మధ్య కూర్చుంది. ఆ వెనకే, నేను ఏనాడూ అనుమానించని ఇంకొకామె తన గిన్నె మూత తీసి, "నాదీ సప్పిడే" అంది. ఇన్నేళ్లు సూపర్‌వైజర్‌నని చెప్పుకున్నందుకు సిగ్గేసింది.

ఇప్పటికీ ఆ ఇద్దరూ రాని రోజున హాజరు పట్టీలో కారణం రాయమంటారు. నేను ఆ గడిలో 'నాకు తెలుసు' అని రాసి, కింద సంతకం పెడతాను.